దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంత గొర్రెలలో స్త్రీ జననేంద్రియ వ్యవస్థ: నిర్మాణం, విధులు, చూలు నిలవకపోవడానికి కారణాల గుర్తింపు

సారాంశం

ఎదకే రాని గొర్రెను, ఎదకు వచ్చి పొట్టేలు దాటినా చూలు నిలవని గొర్రెను, చూలు ఈసుకుపోయిన గొర్రెను కూడా మందలో ‘గొడ్డు గొర్రె’ అనే ఒకే మాటతో పిలుస్తారు. శరీర నిర్మాణ శాస్త్ర దృష్టితో చూస్తే ఇవి ఒకే లోపం కావు. ఇవి జననేంద్రియ వ్యవస్థలో వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజులలో ఏర్పడే లోపాలు. వాటిలో అనేకం సవరించదగినవి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఆడ గొర్రె జననాంగాల నిర్మాణాన్ని, విధులను వివరించి, లోపం ఏ దశలో ఏర్పడిందో మంద వద్దనే గుర్తించే విధానాన్ని ఈ వ్యాసం తెలియజేస్తుంది.

ముఖ్య పదాలు: గొర్రె, అండాశయం, ఎద చక్రం, పిండ నష్టం, దక్కనీ, నెల్లూరు, మెట్ట ప్రాంతం

పరిచయం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్ల గొర్రెలు ఉన్నాయి. గొర్రెల సంఖ్యలో దేశంలో ప్రథమ స్థానం ఈ రాష్ట్రానిదే. 2012లో ఈ సంఖ్య సుమారు 1.28 కోట్లు. నడుమ 2017 జూన్‌లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిసిన యూనిట్లను 75 శాతం రాయితీతో గొల్ల, కురుమ కుటుంబాలకు అందజేశారు. గొర్రెలలో ఎక్కువ భాగాన్ని పొరుగు రాష్ట్రాలలో కొనుగోలు చేసి తరలించారు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు గొర్రెల పెంపకంలో ముందు వరుసలో ఉన్నాయి. ఏడాదికి 600 నుంచి 750 మి.మీ. మధ్య వర్షపాతం, ఎర్ర చల్కా నేలలు, బండరాళ్ల గుట్టలు, చెరువు శిఖాలు ఇక్కడి మేత వనరులను నిర్ణయిస్తాయి. నల్లని ముతక ఉన్ని గల దక్కనీ గొర్రెలు, పొడవు కాళ్ల నెల్లూరు గొర్రెలు, ఈ రెండింటి సంకరాలు మందలలో కనిపిస్తాయి. ఈ రెండు జాతులూ సాధారణంగా ఈతకు ఒకే పిల్లను ఇస్తాయి. కాబట్టి ఒక్క చూలు నిలవకపోతే ఆ ఈతలో ఆ గొర్రె నుంచి వచ్చే ఆదాయం పూర్తిగా పోయినట్లే.

ఆలస్యం వల్ల కలిగే నష్టం కూడా తక్కువది కాదు. గొర్రె చూలు కాలం సుమారు 147 రోజులు. జూలై 5న చూలు నిలిచిన గొర్రె నవంబరు 29 ప్రాంతంలో ఈనుతుంది. అప్పటికి వానాకాలపు వరి కోతలు జరుగుతూ ఉంటాయి కనుక తల్లికీ, పిల్లకూ కొయ్యకాళ్ల మేత దొరుకుతుంది. అదే గొర్రెకు రెండు ఎదలు వృథా అయితే 34 రోజులు ఆలస్యమై, జనవరి 2 ప్రాంతంలో ఈనుతుంది. ఆ పిల్ల మూడు నెలల వయసులో పాలు మరచే సమయానికి ఏప్రిల్ ఎండలు వస్తాయి. పచ్చిక ఉండదు. మంద కాలువల ఆయకట్టు వైపు వలస పోతూ ఉంటుంది.

జననాంగాల నిర్మాణం

అండాశయాలు: కటి కుహరం అంచున, గర్భాశయ కొమ్ముల కొనలకు దగ్గరగా రెండు అండాశయాలు ఉంటాయి. ఒక్కొక్కటి బాదం గింజ ఆకారంలో ఉండి 3 నుంచి 4 గ్రాములు తూగుతుంది. అండాన్ని ఇవ్వడం, హార్మోనులను తయారు చేయడం అనే రెండు పనులూ ఈ చిన్న అవయవానివే. అండాశయపు వెలుపలి పొరలో అండపుటికలు వరుస వరుసలుగా పెరుగుతాయి. వాటిలో పక్వమైనది 5 నుంచి 10 మి.మీ. వ్యాసానికి చేరి, ఈస్ట్రోజన్‌ను విడుదల చేసి ఎద లక్షణాలను కలిగిస్తుంది. అది పగిలి అండం వెలువడిన తరువాత అదే స్థలంలో కార్పస్ లూటియం ఏర్పడి ప్రొజెస్టరాన్‌ను స్రవిస్తుంది. ఈస్ట్రోజన్ గర్భాన్ని స్వీకరించడానికి పిలుపు వంటిది. ప్రొజెస్టరాన్ గర్భాన్ని నిలిపే కాపు వంటిది.

అండవాహికలు: 15 నుంచి 19 సెం.మీ. పొడవు గల ఈ సన్నని మెలికల నాళాల పైకొన గరాటు వలె విచ్చుకొని అండాన్ని అందుకుంటుంది. ఫలదీకరణం దీని వెడల్పైన భాగమైన యాంపుల్లాలో జరుగుతుంది. ఫలదీకరణ చెందిన అండం విభజన చెందుతూ 3 లేదా 4 రోజులలో గర్భాశయానికి చేరుతుంది. గర్భాశయంలో చీము పట్టినప్పుడు ఆ వాపు ఈ నాళాలకు పాకి దారి మూసుకుపోవచ్చు. రెండు నాళాలూ మూసుకుపోతే ఎద సక్రమంగానే వస్తుంది కాని చూలు నిలవదు.

గర్భాశయం: 1 నుంచి 2 సెం.మీ. మాత్రమే ఉండే పొట్టి మధ్య భాగం, 10 నుంచి 12 సెం.మీ. పొడవు గల రెండు కొమ్ములు కలిసి గర్భాశయం అవుతుంది. కొమ్ములు పొట్టేలు కొమ్ముల వలె చుట్టుకొని ఉంటాయి. లోపలి పొర మీద కారంకిల్స్ అనే గుండీల వంటి ఉబ్బులు సాధారణంగా 70 నుంచి 100 వరకు కనిపిస్తాయి. గొర్రెలో వీటి నడిమి భాగం గిన్నె వలె లోపలికి గుంటగా ఉంటుంది. ఆవులో ఇవే వెలుపలికి ఉబ్బి ఉంటాయి. పిండపు పొరలు ఈ గుండీల వద్దనే తల్లికి అతుక్కుంటాయి.

గర్భాశయ ముఖద్వారం: 4 నుంచి 10 సెం.మీ. పొడవు గల ఈ భాగం గట్టి కండరంతో, తంతు కణజాలంతో నిర్మితమైనది. లోపల గరాట్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్లు అనేక వలయాలు ఉంటాయి. వాటి రంధ్రాలు ఒకే గీత మీద ఉండవు. ఆవులలో వలె గొట్టాన్ని ముఖద్వారం గుండా పంపి కృత్రిమ గర్భధారణ చేయడం గొర్రెలలో కష్టం కావడానికి ముఖ్య కారణం ఇదే. అందువల్ల ఈ ప్రాంతపు మందలలో పొట్టేలు ఎంపికే జాతి అభివృద్ధికి ప్రధాన సాధనంగా నిలిచింది. చూలు కాలంలో ఈ ద్వారం చిక్కని జిగురుతో మూసుకొని సూక్ష్మజీవులను అడ్డగిస్తుంది.

యోని, మానం: యోని 10 నుంచి 14 సెం.మీ. పొడవు ఉంటుంది. గొర్రెలో మానం వాపు, ఎర్రదనం చాలా స్వల్పం. గేదె, ఆవులలో వలె తీగలు సాగే జిగురు వేలాడదు. పొట్టేలు లేని మందలో ఎదను కంటితో గుర్తించడం అనుభవజ్ఞులకు కూడా సులభం కాదు. గొర్రె తానే పొట్టేలును వెతుక్కుంటూ పోవడం, తోక ఆడించడం, నిలబడి దాటనివ్వడం నమ్మదగిన గుర్తులు.

ఎద చక్రం

గొర్రె ఎద చక్రం సగటున 17 రోజులు. ఎద 24 నుంచి 36 గంటలు నిలుస్తుంది. అండం ఎద ముగింపు సమయంలో, అంటే ఎద మొదలైన సుమారు 24 నుంచి 30 గంటలకు విడుదలవుతుంది.

మెదడులోని హైపోథలామస్ ఇచ్చే సంకేతంతో పీయూష గ్రంథి అండపుటికలను పెంచే హార్మోనును, అండ విడుదలకు కారణమైన ల్యూటినైజింగ్ హార్మోనును స్రవిస్తుంది. అండం వెలువడిన తరువాత కార్పస్ లూటియం పెరిగి ప్రొజెస్టరాన్ స్థాయిని నిలుపుతుంది. చూలు నిలవనట్లయితే 13, 14 రోజులకు గర్భాశయం నుంచి ప్రోస్టాగ్లాండిన్ విడుదలవుతుంది. ఇది గర్భాశయ సిర నుంచి దానికి చుట్టుకొని ఉన్న అండాశయ ధమనిలోకి నేరుగా చేరి కార్పస్ లూటియంను కరిగిస్తుంది. ప్రొజెస్టరాన్ పడిపోవడంతో కొత్త అండపుటిక పక్వమై, గొర్రె తిరిగి ఎదకు వస్తుంది.

సజీవమైన పిండం ఉన్నట్లయితే అది 12, 13 రోజుల నుంచి ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ను స్రవిస్తుంది. దాని ప్రభావంతో ప్రోస్టాగ్లాండిన్ స్రావం అణగి, కార్పస్ లూటియం నిలుస్తుంది. ఈ లోపే పిండం నశిస్తే తల్లి శరీరానికి చూలు సంగతే తెలియదు. గొర్రె 17వ రోజున యథాప్రకారం ఎదకు వస్తుంది. ఆ తరువాత నశిస్తే ఎద ఆలస్యమై, క్రమం తప్పిన రోజున వస్తుంది. లోపాన్ని గుర్తించే విధానానికి ఈ తేడాయే మూలం.

వర్షం, మేత, అండాశయం

సమశీతోష్ణ దేశాలలో గొర్రెల ఎదను పగటి నిడివి శాసిస్తుంది. అక్కడ పగలు తగ్గే ఋతువులోనే గొర్రెలు ఎదకు వస్తాయి. మన అక్షాంశాలలో పగటి నిడివిలో తేడా స్వల్పం. ఇక్కడ అండాశయం ప్రధానంగా మేతకు స్పందిస్తుంది. తొలకరి తరువాత పచ్చిక మొలిచే జూన్, జూలై నెలలలో ఎదలు ముమ్మరం కావడానికి కారణం ఇదే. కాపరులు వాన పడితే గొర్రె కదులుతుందని గమనించడంలో శాస్త్రీయ సత్యం ఉంది.

ఎండాకాలంలో చిక్కిన గొర్రెలో శక్తి లోటు వల్ల పీయూష గ్రంథి స్రావాలు తగ్గి అండపుటికలు పక్వానికి రావు. పొట్టేలును కలపడానికి 2, 3 వారాల ముందు నుంచి రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా ఇస్తే అండాల విడుదల మెరుగవుతుంది. మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, తవుడు, ఉలవలు ఇందుకు తగినవి. తుమ్మకాయలు, పరిమితంగా సుబాబుల్ ఆకు కూడా మేపవచ్చు. పొట్టేలు దాటిన తరువాత ఈ దాణాను ఒక్కసారిగా ఆపకుండా మరో 2, 3 వారాలు కొనసాగించాలి.

నడుము మీద చేయి వేసి వెన్నుపూసల ముళ్లను తడిమి శరీర పుష్టిని 1 నుంచి 5 వరకు అంచనా వేయాలి. పొట్టేలును కలిపే సమయానికి 2.5 నుంచి 3 మధ్య ఉండడం మంచిది. ఇప్పటికే పుష్టిగా ఉన్న గొర్రెలకు అదనపు దాణా వల్ల కలిగే ప్రయోజనం తక్కువ. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న బోరు నీరు తాగే మందలలో పళ్లను కూడా పరిశీలించాలి. ఫ్లోరైడ్ వల్ల పళ్లు మచ్చలు పడి, అరిగిపోయిన గొర్రె మేతను సరిగా నమలలేదు. మేత ఉన్నా చిక్కిపోయే అటువంటి గొర్రెలో అండాశయపు మాంద్యానికి మూలం నోటిలో ఉంటుంది.

పొట్టేలు సాన్నిధ్యం మరొక ప్రేరణ. కొన్ని వారాలపాటు కనబడకుండా, వాసన తగలకుండా దూరంగా ఉంచిన పొట్టేలును ఒక్కసారిగా మందలో విడిచితే, ఎదలు ఆగి ఉన్న గొర్రెలలో ల్యూటినైజింగ్ హార్మోను వెంటనే పెరిగి 2, 3 రోజులలో అండం విడుదలవుతుంది. ఈ మొదటి అండ విడుదలలో ఎద లక్షణాలు కనిపించవు. తరువాత సుమారు 18 నుంచి 25 రోజుల మధ్య గొర్రెలు గుంపుగా ఎదకు వస్తాయి. ఏడాది పొడవునా పొట్టేలు మందలోనే ఉంటే ఈ ప్రేరణ దొరకదు.

పొట్టేలు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. వీర్యకణాలు తయారు కావడానికి సుమారు 7 వారాలు పడుతుంది. మే నెల ఎండదెబ్బ ప్రభావం జూన్ చివర, జూలైలో వీర్యం మీద కనిపించవచ్చు. వేసవిలో పొట్టేళ్లకు నీడ, చల్లని నీరు కల్పించడం చూలు శాతాన్ని కాపాడే పనే.

చూలు నిలవడం, మాయ ఏర్పడడం

గర్భాశయానికి చేరిన పిండం కొన్ని రోజులు అతుక్కోకుండా గర్భాశయ స్రావాల మీదనే బ్రతుకుతుంది. 16 నుంచి 18 రోజుల ప్రాంతంలో అతుక్కోవడం ఆరంభమై, క్రమంగా దృఢపడుతుంది. కాబట్టి దాటిన తరువాతి మొదటి నెల అతి సున్నితమైన కాలం. అధిక ఉష్ణోగ్రత, దూర ప్రయాణం, మేతలో ఆకస్మిక లోటు ఈ దశలో పిండ నష్టానికి దారితీస్తాయి. కొనుగోలు చేసిన గొర్రెలను లారీలలో తరలించడం, మందలను దూర ప్రాంతాలకు తోలడం వంటి పనులను వీలైనంతవరకు ఈ కాలంలో చేయకూడదు.

గొర్రె మాయలో తల్లి రక్తానికీ, పిల్ల రక్తానికీ నడుమ అనేక పొరలు ఉండడం వల్ల రోగనిరోధక ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు. పుట్టిన పిల్లకు రక్షణ జున్నుపాల ద్వారానే లభిస్తుంది. పుట్టిన గంట, రెండు గంటలలోపు తాగించడం, మొదటి 24 గంటలలో పిల్ల బరువులో పదో వంతు మేరకు అందేలా చూడడం అవసరం. జున్నుపాలు పిండి పారవేసే అలవాటు ఉన్న చోట మాయ నిర్మాణాన్ని వివరించి చెబితే కారణం సులభంగా అర్థమవుతుంది.

పిండపు బరువులో దాదాపు 70 శాతం చివరి 6 వారాలలోనే పెరుగుతుంది. నవంబరులో ఈనే గొర్రెకు ఈ దశ వానాకాలపు చివరి పచ్చికతో కలిసి వస్తుంది. వేసవిలో ఈనే గొర్రెకు ఆ ఆసరా లేదు. దానికి దాణా తప్పనిసరి. ముఖ్యంగా కవల చూలు గొర్రె మేత చాలక శరీరపు కొవ్వును కరిగించుకొని, మందకొడిగా మారి, పడిపోయి మరణించవచ్చు.

చూలు చివరి దశలో ఈసుకుపోవడానికి బ్రూసెల్లా ఒక ముఖ్య కారణం. ఇది మనుషులకూ సోకుతుంది. ఈసుకుపోయిన పిల్లను, మాయను చేతి తొడుగులు లేకుండా తాకకూడదు. గుండీల భాగంతో కూడిన మాయను, పిండం కడుపులోని ద్రవాన్ని ప్రయోగశాలకు పంపిన తరువాత మిగిలిన వాటిని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. పచ్చి పాలు తాగరాదు. ఈసుకుపోయిన గొర్రెను మంద నుంచి వేరు చేయాలి.

లోపం ఏ దశలో ఏర్పడింది? మంద వద్ద గుర్తించే విధానం

ఈ విధానానికి కావలసినవి రంగు, నూనె, ఒక పుస్తకం మాత్రమే. పొట్టేలు రొమ్ము భాగానికి నూనెలో కలిపిన రంగు పూస్తే, అది దాటిన గొర్రె నడుము మీద మచ్చ పడుతుంది. తెల్లని, గోధుమ రంగు గొర్రెలకు జాజు సరిపోతుంది. నల్లని దక్కనీ గొర్రెల మీద జాజు కనబడదు కనుక ముగ్గుపిండి లేదా పసుపు రంగు వాడాలి. ప్రతి 16 రోజులకు రంగు మార్చి, చెవి పోగు సంఖ్యతోపాటు తేదీ రాయాలి. ఫలితాలను ఈ విధంగా అర్థం చేసుకోవాలి.

1. మచ్చ అసలే పడని గొర్రె: అండాశయం పనిచేయకపోవచ్చు, లేదా ఇదివరకే చూలుతో ఉండవచ్చు. ముందుగా చూలు పరీక్ష చేయించాలి. చూలు లేకుంటే శరీర పుష్టి, పళ్లు, నట్టలు పరిశీలించి మేత మెరుగుపరచాలి.

2. 16 నుంచి 18 రోజులకు మళ్లీ మచ్చ పడిన గొర్రె: అండం విడుదలైంది కాని ఫలదీకరణం జరగలేదు, లేదా పిండం 12 రోజులలోపే నశించింది. పరిశీలించవలసినవి పొట్టేలు, ఎండ వేడిమి, అండవాహికలు.

3. 22 నుంచి 45 రోజుల మధ్య, 17కు గుణిజం కాని రోజున మచ్చ పడిన గొర్రె: పిండం తన ఉనికిని తల్లికి తెలిపిన తరువాత నశించింది. ప్రయాణం, మేత లోటు, జ్వరం, సంక్రమణం గురించి విచారించాలి. సరిగ్గా 34 రోజులకు వస్తే నడుమ ఒక ఎద గమనింపుకు రాలేదని భావించవచ్చు.

4. ఒకసారి మచ్చ పడి, తిరిగి ఎదకు రాక, ఈనని గొర్రె: చూలు నడుమ నష్టం జరిగింది. మేత పొలంలో ఎవరూ చూడకుండా ఈసుకుపోయి ఉండవచ్చు. రక్త పరీక్ష అవసరం.

5. మందలో అధిక భాగం 17 రోజులకు తిరిగి ఎదకు వస్తే: లోపం గొర్రెలది కాదు, పొట్టేలుది. 20 గొర్రెలకు ఒకే పొట్టేలు ఉన్న యూనిట్‌లో దీనిని మొదటి వరుసలోనే గుర్తించి పొట్టేలును మార్చాలి.

ఈ ఐదింటిలో మొదటి రెండు, ఐదవది తొలకరి నెలలోనే సరిదిద్దగలిగినవి. ఒకే గొర్రె రెండు ఋతువులలో పరీక్షించిన పొట్టేలుతో కూడా చూలు నిలవకుంటే అప్పుడు మాత్రమే దానిని మంద నుంచి తీసివేయడం న్యాయం.

విద్యార్థులకు ప్రయోగ సూచన

వధశాల నుంచి సేకరించిన జననాంగాలతో ఈ విషయాలన్నీ ప్రత్యక్షంగా చూడవచ్చు. చూలు గర్భాశయాన్ని తెరచి, రెండు అండాశయాల మీద కార్పస్ లూటియంల సంఖ్యను, కొమ్ములలోని పిండాల సంఖ్యను పోల్చాలి. రెండు కార్పస్ లూటియంలు ఉండి ఒకే పిండం ఉంటే ఒక అండం వృథా అయిందని తెలుస్తుంది. రెండూ ఒకే అండాశయం మీద ఉండి, పిండాలు చెరొక కొమ్ములో ఉంటే ఒక పిండం రెండవ కొమ్ముకు వలస వెళ్లిందని గ్రహించాలి. ముఖద్వారాన్ని నిలువుగా కోసి వలయాలను లెక్కించాలి. కారంకిల్స్ ఆకారాన్ని ఆవు నమూనాతో పోల్చాలి.

కవలల విషయం

ఈతకు ఒకే పిల్ల అనే పరిమితి అండాశయంలో ఉంది. బెంగాల్ సుందరవనాల గారోల్ గొర్రెలలో ఉన్న ఫెక్ బి అనే జన్యువు ఒక్కో ఎదలో విడుదలయ్యే అండాల సంఖ్యను పెంచుతుంది. ఆస్ట్రేలియాలోని బూరూలా గొర్రెలలో కూడా ఇదే జన్యువు ఉంది. మహారాష్ట్రలోని ఫల్టణ్ వద్ద గల నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ జన్యువును దక్కనీ గొర్రెలలో ప్రవేశపెట్టి ‘నారి సువర్ణ’ను అభివృద్ధి చేసింది. అయితే కవల చూలును మోయడానికి కావలసిన మేత, కవలలకు చాలినన్ని పాలు లేనప్పుడు రెండవ అండం లాభం కాక భారం అవుతుంది. మెట్ట ప్రాంతపు సంచార మందలలో మొదటి లక్ష్యం ప్రతి గొర్రెకు ఈతకు ఒక పిల్ల బ్రతికి ఎదగడం. దాణా ఇవ్వగలిగిన స్థిర మందలలో కవలల గురించి ఆలోచించవచ్చు.

ముగింపు

చూలు నిలవని గొర్రెను చూపి కాపరి అడిగే ప్రశ్న దానిని అమ్మాలా, ఉంచాలా అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు లోపం అండాశయంలోనా, అండవాహికలోనా, గర్భాశయంలోనా, పొట్టేలులోనా అన్నది విస్తరణ శాస్త్రవేత్త నిర్ణయించుకోవాలి. పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలో మే నెలలోనే కాపరులకు శరీర పుష్టి అంచనా, పొట్టేలు పరీక్ష, రంగు మచ్చల నమోదుపై శిక్షణ ఇస్తే తొలకరి ఎదలు వృథా కావు. జూలైలో నిలిచిన చూలు నవంబరులో పిల్ల అవుతుంది. ఆ పిల్లకు కొయ్యకాళ్ల మేత, తల్లి పాలు రెండూ దొరుకుతాయి.